ఎనభై ఆరో నంబరు కాలు

2021 ఏప్రిల్ 22, గురువారం. సాయంత్రం పెందలాడే, ఉల్లిపాయలు దట్టంగా వేసి పొయ్యిలో పెట్టిన చిక్కుడు గింజలు, పుల్లబెట్టిన క్యాబేజీ తిన్నాను. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు కనుక మాంసం, వెన్న లేకుండా అంతా నూనె వంటే. నా భార్య దెసాంక పోయిన ఈ మూడేళ్ళలో గింజలు మాడకుండా కుదిరింది ఆ రోజే. రెండోసారి వడ్డించుకుంటుండగా నెవెంక ఫోన్ చేసింది.

"మాస్టారూ, మందు పంపు తిరగట్లేదు. స్విచ్ వేస్తే చాలు, ఫ్యూజు ఎగిరిపోతోంది. ఇప్పటికి నాలుగు."

నెవెంక ఇరవై ఏళ్ళ కిందట సాంకేతిక పాఠశాలలో నా దగ్గర బండ్ల కరెంటు పని నేర్చుకుంది. తండ్రి పోయాక ఆపిల్ తోట తనే చూసుకుంటోంది. తోట నిండా పూత. తెల్లవారుజామున వాన అన్నారు. వాన పడకముందే మందు కొట్టకపోతే మచ్చ తెగులు కాయకు పాకుతుంది. నిరుడు అలాగే పాకి, పంటంతా కారుచవగ్గా రసం ఫ్యాక్టరీకి పోయింది. ఇంకో ఏడు అలా పోతే తోట కొట్టేసి మొక్కజొన్న వేస్తానని తను అన్న మాట నాకు గుర్తుంది. అలాగని పగలు కొట్టడానికి లేదు, పూత మీద తేనెటీగలు ఉంటాయి. పొద్దు వాలి, ఈగలు గూళ్ళు చేరాక, పక్క తోటలో తేనెటీగలు పెంచే వ్లాయ్‌కో తన తేనెపెట్టెల తలుపులు మూశాకే కొట్టాలి. మా వాలులో అందరూ పాటించే పద్ధతి అది.

నేను వెళ్ళేసరికి నెవెంక ట్రాక్టర్ పక్కన పెట్టె బోర్లించుకుని కూర్చుని కాలిపోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడుతోంది.

"ఏం చేస్తున్నావ్?"

"మీరు చూడకండి. ఫ్యూజుకి చొక్కా తొడుగుతున్నా."

"ఇటివ్వు. వైరు కాలి డీజిల్ ట్యాంకు పక్కనే దీపం వెలుగుతుంది."

"మరేం చెయ్యను? మిగిలింది ఒక్కటే ఫ్యూజు. కొట్టు కట్టేశారు."

గాలి ఆగడం లేదు, గాలిలో మందు కొట్టలేం. నా కాళ్ళూ ఒక చోట నిలవడం లేదు. ట్రాక్టర్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. పంపు పద్దెనిమిది ఆంపియర్లు లాగుతుంది, స్విచ్ ఒక్కటే తట్టుకోదు, చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే నలభై ఆంపియర్ల రిలే పెట్టమని చెప్పింది నేనే. నా దగ్గర పాత కార్ల నుంచి ఊడదీసినవి సంచీడు ఉన్నాయి. అయినా కొత్తది కొనుక్కుంది.

పంపును నేరుగా బ్యాటరీకి తగిలించాను, తిరిగింది. లావు వైర్లు సరిగ్గానే ఉన్నాయి. పోతున్నది సన్న వైరు ఫ్యూజు, స్విచ్ నుంచి రిలే లోపలి రాగితీగ చుట్టకు వెళ్ళేది. ఆ చుట్ట లాగేది ఆంపియర్‌లో ఐదో వంతు కూడా కాదు, దానికి ఫ్యూజు ఎగరకూడదు.

కంచె అవతల నుంచి వ్లాయ్‌కో కేక వేశాడు. "ఏమయ్యా పంతులూ, కొడతారా కొట్టరా? మా ఆడపిల్లలు ఇంటికొచ్చేస్తున్నారు!"

"ఆగవయ్యా!"

"ఆగుతా గానీ, ఊరికే తలుపులు వేయించకండి. పొద్దున ఎండెక్కితే లోపల ఉడికిపోతాయి."

"బాబాయ్, నీ నోటికి కూడా ఓ తలుపు పెట్టించుకో," అంది నెవెంక. నవ్వలేదు.

ఒక్క ఫ్యూజును పందెం వేయలేం. దాని చోట ట్రాక్టర్ వెనక దీపం బల్బు తగిలించి స్విచ్ వేశాను. రిలే పీకితే బల్బు ఆరింది. గుచ్చితే భగ్గున వెలిగింది, కరెంటు అడ్డూ ఆపూ లేకుండా పోతోంది. అంటే దొంగ రిలేలోనే ఉన్నాడు. దాని పక్క మీద చీమంత బొమ్మ అచ్చు వేసి ఉంది, నాకు ఆనలేదు. కోటు జేబులో దెసాంక సూదిలో దారం ఎక్కించుకునే భూతద్దం ఉంటుంది, ఎందుకో తీసి లోపల పెట్టలేదు ఇన్నాళ్ళూ. దానితో చూస్తే చుట్ట పక్కన బాణం, బాణానికి అడ్డగీత.

"ఇందులో డయోడ్ ఉందమ్మా. ఒక దిక్కున కరెంటును ఆపుతుంది, తిప్పి పెడితే వదిలేస్తుంది. ఎనభై ఆరో నంబరు కాలు ప్లస్సుకి, ఎనభై ఐదు బాడీకి. నువ్వు తిప్పి పెట్టావు."

నెవెంక లేచి నిలబడింది. "చుట్టకి ఎటైనా ఒకటేనని మీరే కదా చెప్పారు! పరీక్షలో ఎనభై ఆరు ప్లస్సుకే పెట్టాలని రాస్తే, కొట్టేసి పక్కన ఎర్రసిరాతో 'అనవసరం' అని రాశారు. ఐదుకి ఐదు రావాల్సింది, నాలుగిచ్చారు."

నాకది గుర్తు లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది. మా రోజుల రిలేల్లో డయోడ్లు లేవు. ముప్పై ఏళ్ళు అదే చెప్పాను. ఎంతమంది నమ్మారో.

"తప్పు నాది," అన్నాను.

తను నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "పోనీ, ఆ ఐదు ఇప్పుడిస్తారా?"

"ముందు పంపు తిరగనీ."

రెండు సన్న వైర్లు మార్చింది. నాలుగు దెబ్బలు తిన్న డయోడ్ బతికుందో లేదో తెలియదు. బల్బు ఉంచే స్విచ్ వేయమన్నాను. బల్బు మసకగా వెలిగింది. రిలే 'టక్' మంది, కరెంటు ఇక దారి తప్పడం లేదు. అప్పుడు ఆఖరి ఫ్యూజు పెట్టాం. పంపు ఊపందుకుంది, ఒక్కసారిగా అన్ని నాజిల్స్ నుంచీ మంచులా మందు లేచింది. ఏ క్షణంలో ఆగిందో గాలి కూడా ఆగి ఉంది.

"బాబాయ్, తలుపులు వేసెయ్!" అని అరిచి నెవెంక ముసుగు తగిలించుకుంది.

నేను కంచె దాటి దిగేసరికి వ్లాయ్‌కో చివరి పెట్టె ముందు వంగి ఉన్నాడు. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. ఆలస్యంగా వచ్చిన ఒక ఈగ గడప మీద కాళ్ళు తుడుచుకుంటోంది. అది లోపలికి పోయేదాకా ఆగి, సన్నటి చెక్కపట్టీని చప్పుడు కాకుండా జరిపి తలుపు మూశాడు.