మూడోసారి ఊడిన పట్టీ

మూడు వారాల్లో మూడోసారి ఆర్లీన్ ఫోన్ చేసింది. "లోవెల్ బాబూ, ఆ పట్టీ మళ్ళీ ఊడింది. మెర్విన్ నిన్ను పిలవమంటున్నాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. యూమా ఎడారిలో, చలికాలానికి జనం ఇళ్ళలాంటి బండ్లు వేసుకొచ్చి దిగే పార్కుల వెంట తిరుగుతూ మోటార్‌హోమ్‌లు బాగుచేయబట్టి పందొమ్మిదేళ్ళయింది. కారే కప్పులు చూశాను, కాలిన తీగలు చూశాను, ఎలుకలు కాపురం పెట్టిన పొయ్యిలు చూశాను. ఒకే పట్టీ మూడుసార్లు ఊడడం ఎక్కడా చూడలేదు. పైగా అదేమంత బ్రహ్మవిద్యని? బండి ఆపుకున్నాక గోడలోంచి సొరుగులా బయటికి జరిగే గదిని స్లయిడ్ అంటాం. దానికీ గోడకీ మధ్య సందు కనబడకుండా చుట్టూ చెక్కపట్టీ ఉంటుంది. అది వదులైతే గదిని లోపలికి జరిపేటప్పుడు అడ్డంపడి ఇరుక్కుంటుంది. గది లోపలికి రాకపోతే బండి కదలదు.

బండి గురువారం కదలాలి. ఎండలు ముదరకముందే ఉత్తరాన చల్లగా ఉండే మోంటానా చేరాలని ఆర్లీన్ మొగుడు మెర్విన్ పట్టుదల. ఏటా తనే తోలుకెళ్తాడు. నలభై ఏళ్ళు ధాన్యం లారీ తోలినవాడు, ఇప్పుడు ఎనభై ఒకటి.

పార్కులో అడుగుపెట్టగానే డామినోలు ఆడుకునే ముసలాళ్ళు మొదలెట్టారు. "వచ్చాడయ్యా! లోవెల్ బిగించిన స్క్రూకి వారం రోజులు గ్యారంటీ అటగా!"

"మీ పళ్ళసెట్టు కూడా నన్నే బిగించమంటారా?" అని ముందుకు నడిచాను. నవ్వుతూ అన్నానే గానీ లోపల ఉడికిపోతున్నాను. ఈ పనిలో నోటిమాటే తిండి పెడుతుంది, అదే తిండి తీసేస్తుంది.

మెర్విన్ టోపీ పెట్టుకుని బండి లోపల బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఏమయ్యా, కిందటిసారి ఉమ్మితో అతికించావా?"

"మీరు పట్టీ పట్టుకుని ఊగుతున్నారేమో!"

"ఆ వయసు దాటిపోయింది లేవయ్యా."

మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. కింది పట్టీకి నాలుగు స్క్రూలు అసలే లేవు. మిగతావి వేలితో తిప్పితే వచ్చేస్తున్నాయి. కుదుపులకి ఊడి ఉంటే రంధ్రాలు చిరిగిపోవాలి. ఇవి శుభ్రంగా, గుండ్రంగా ఉన్నాయి. అయినా బండి నవంబరు నుంచి అంగుళం కదల్లేదు, ఇంక కుదుపెక్కడిది? ఒక స్క్రూ వెలుతురులో పెట్టి చూశాను. తల మీద నాలుగు పలకల గాడి అంచులు నలిగి ఉన్నాయి. నా స్క్రూడ్రైవర్ గాడిలో సరిగ్గా కూర్చుంటుంది, అలా నలపదు. వేరే ఎవరో, వేరే దేనితోనో తిప్పారు.

అప్పుడే ఆర్లీన్ మొక్కజొన్న రొట్టె తెచ్చి, వెన్న రాయడం మొదలుపెట్టింది. వెన్నకత్తి కొస మెలి తిరిగి ఉంది. నేను కత్తిని చూశాను. ఆవిడ నన్ను చూసింది. కత్తి గబుక్కున గౌను జేబులోకి వెళ్ళిపోయింది.

"ఒకసారి బయటికి రా బాబూ, నీళ్ళ గొట్టం చూద్దువుగాని."

నీళ్ళ గొట్టం బంగారంలా ఉంది.

"నేనే విప్పుతున్నాను," అంది, గొంతు తగ్గించి. "మొన్న మా చిన్న కారులో కిరాణాకి వెళ్తూ మెర్విన్ ఎర్రలైటు దాటించేశాడు. ఎండ కళ్ళలో పడిందన్నాడు. మబ్బు పట్టిన రోజు, ఎండెక్కడిది?"

"తోలొద్దని చెప్పొచ్చుగా అమ్మా!"

"పోయినేడు చెప్పాను. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మోంటానా దారిలో ఎన్ని కనుమలున్నాయో నీకు తెలుసుగా? ఇంకో నాలుగు రోజులు వదులుగా ఉంచు నాయనా. ఈలోగా ఏదో ఒకటి ఆలోచిస్తాను."

నా జవాబు కోసం ఆగకుండా బట్టల బుట్ట ఎత్తుకుని ఉతుకుడు గదికి వెళ్ళిపోయింది. నేను లోపలికొచ్చాను.

"చెప్పిందా?" అన్నాడు మెర్విన్.

"ఏమిటండీ చెప్పేది?"

"కత్తి సంగతి. స్క్రూ తిప్పుతుంటే కిర్రుమంటుందయ్యా. కళ్ళు పోతే చెవులు కూడా పోతాయా?"

"తెలిసీ నన్నెందుకు పిలిపిస్తున్నారు?"

"నేను బిగించలేను గనక. స్క్రూ తల కనబడి చస్తేగా! పిలవకపోతే, నీకేమైంది నువ్వే బిగించరాదా అంటుంది. పట్టీ ఊడినంతకాలం బండి దానివల్ల ఆగింది. నావల్ల కాదు."

ఇంక పట్టలేకపోయాను. "మీ మొగుడూ పెళ్ళాల మధ్య అడకత్తెరలో పోకచెక్కనయ్యాను కదండీ! ఆవిడ విప్పడం, మీరు పిలవడం, పార్కంతా నన్ను చూసి నవ్వడం! ఏదో ఒక వారం ఆవిడకి ఓపిక లేక విప్పదు. మీరు రోషానికి పోయి స్టీరింగ్ పట్టుకుంటారు. ఎదురుగా వచ్చేవాడి గతేంటి? వాడికెవరు చెప్పారు మీకు కనబడదని?"

మెర్విన్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. నోరు జారానేమో అనిపించింది గానీ, అన్నమాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

"బిగించు," అన్నాడు. "ఈసారి కత్తికి లొంగకుండా బిగించు."

"బిగిస్తే గురువారం తోలతారా?"

"ముందు బిగించవయ్యా. అది ఊడుతున్నంతకాలం ఆర్లీన్ దగ్గర నేను నోరు విప్పను. నా సంగతి నాకు తెలుసు."

నమ్మాలో వద్దో తెలియలేదు. అయినా పని మొదలుపెట్టాను. పాత రంధ్రాల్లో చెక్క పుల్లలు జిగురుతో దిగ్గొట్టి, చదును చేసి, పక్కన కొత్త చోట్లు చూసుకుని పొట్టి స్క్రూలు బిగించాను. పొడుగువి వేస్తే పట్టీ దాటిపోయి, జరగాల్సిన గదిని గోడకి పాతేస్తాయి. పట్టీ వెనక పొడవునా బంక పూసి, స్క్రూ తలల మీద కూడా అదే పూసి, పైన రంగు టేపు లాగి అతికించాను. గంట పట్టింది. అంతసేపూ మెర్విన్ నా చేతులవైపు కాక నా చేతుల పక్కకి చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అది గర్వమనుకున్నాను, నా బుద్ధి మండ.

ఆర్లీన్ బుట్టతో వచ్చింది. టేపు చూసింది. వంగి, పట్టీని బొటనవేలితో నొక్కింది. అది కదల్లేదు.

"లోవెల్!" అంది. నమ్మి ఇల్లు అప్పగిస్తే నిప్పంటించినవాణ్ణి చూసినట్టు చూసింది. "నీకు చెప్పాను కదా!"

"వాణ్ణేమీ అనకు," అన్నాడు మెర్విన్. లేచి, జేబులోంచి తాళాలు తీసి ఆమెవైపు చాపాడు. చెయ్యి కాస్త పక్కకి వెళ్ళింది. "గురువారం నేను తోలను. ఇంకెప్పుడూ తోలను. నువ్వు నేర్చుకుంటావో, ఎవరినైనా పెడతావో నీ ఇష్టం. ఎటు చూస్తే అక్కడే నల్లటి మచ్చ అడ్డొస్తోంది, ఆర్లీన్. చుట్టూ ఉన్నవి కనబడతాయి. చూడాలనుకున్నది కనబడదు."

ఆమె బుట్ట దించలేదు. తాళాలు అందుకోలేదు.

"ఇప్పుడు నువ్వు కోపంగా ఉన్నావా, నవ్వుతున్నావా?" అని అడిగాడు. "నోటితో చెప్పవే. నీ మొహం నాకు కనబడి ఏడాదయింది."

ఆర్లీన్ బుట్ట కింద పెట్టి, పక్కకి పోయిన ఆ చేతిని తనవైపు తిప్పుకుని పట్టుకుంది. కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. గొంతులో మాత్రం జీర కూడా రానివ్వలేదు.

"కోపంగా ఉన్నాను," అంది. "చాలా కోపంగా ఉన్నాను."