ఇంటి నేలకు బిరడా

హార్లన్ మామ పోయిన దగ్గర్నుంచి ఎల్వా అత్త నోట ఒకటే మాట, "నీ ఇష్టం."

శవపేటిక దేవదారుతో చేయించనా, పైన్ చెక్కతో చేయించనా అని మరిది కర్టిస్ అడిగితే నీ ఇష్టం అంది. ఏ కీర్తన పాడమంటావమ్మా అని పాస్టరు అడిగితే మీ ఇష్టం అంది. పెరట్లో ఆయన అమ్మానాన్నల పక్కన తవ్వాలా, అంజూరపు చెట్టు వైపా అంటే అదీ అంతే. ఏడవలేదు. ఏడ్చినవాళ్ళకి కాఫీ పోసి ఇచ్చింది.

నేను ఆవిడకి పక్కింటిదాన్ని. రక్తసంబంధమేమీ లేదు గానీ, మా హాటెరస్ ద్వీపంలో ఇరుగుపొరుగు పెద్దవాళ్ళంతా అత్తలూ మామలే. రోజూ ఏదో ఒకటి వండి పట్టుకెళ్ళేదాన్ని. ఆలిచిప్పల పులుసు పెడితే తినేది, నిన్నటి మొక్కజొన్న రొట్టె పెట్టినా తినేది. ఒకరోజు పులుసులో ఉప్పు మరిచిపోయాను. చప్పిడి పులుసు చివరి చుక్క దాకా తాగి, గిన్నె కడిగి చేతికిచ్చింది. అప్పుడు భయమేసింది నాకు.

ఆ ఇంట్లో మాట్లాడేది ఒక్క వాతావరణ రేడియోనే. వంటింటి కిటికీలో బ్యాటరీతో నడిచే అరచేతంత పెట్టె. అందులోది మనిషి గొంతు కాదు, యంత్రం గొంతు. ఎండ గురించి ఎంత చప్పగా చెబుతుందో పిడుగు గురించీ అంతే చప్పగా చెబుతుంది. హార్లన్ మామ దానికి 'పెద్దమనిషి' అని పేరు పెట్టి, బతికినన్నాళ్ళూ దానితో తగువు పెట్టుకున్నాడు. "గాలి పదిహేను మైళ్ళేనంటావా? ఒకసారి బయటికొచ్చి నా టోపీ ఎక్కడుందో చూసి చెప్పవయ్యా" అనేవాడు. ఇప్పుడు పెద్దమనిషి తన పాటికి తాను చెప్పుకుపోతున్నాడు, జవాబిచ్చేవాడు లేడు. అత్త దాన్ని కట్టెయ్యనూ లేదు, విననూ లేదు.

ఆయన పోయిన నెలకి తుపాను బయల్దేరింది. పెద్దమనిషి దాన్ని గురించి రోజంతా చదివాడు. తుపాను కేంద్రం తీరాన్ని తాకే సూచనలు లేవు. హాటెరస్ అగ్రానికి తూర్పుగా, సముద్రం మీదుగానే ఉత్తర దిశగా సాగిపోతుంది. సముద్రం వైపు పెద్ద అలలు. తుపాను దాటాక గాలి వాయవ్యానికి మళ్ళి, కయ్య వైపు గ్రామాల్లో నేలకు మూడు నుంచి అయిదు అడుగుల ఎత్తున నీరు చేరే అవకాశం ఉంది.

సెలవులకొచ్చి అద్దె ఇళ్ళలో దిగినవాళ్ళు మొదటి వాక్యం విని సంతోషిస్తారు. మేము చివరి వాక్యం కోసం ఆగుతాం. మా ద్వీపం సన్నటి ఇసుక పట్టీ. తూర్పున సముద్రం, పడమర అవతలి ఒడ్డు కనిపించనంత ఉప్పుకయ్య. తుపాను దక్షిణాన ఉన్నంతసేపూ ఈశాన్యపు గాలి కయ్యలో నీళ్ళని అవతలికి తోసి అదిమిపెడుతుంది. దాటిపోగానే గాలి తిరుగుతుంది. తోసినవన్నీ ఒక్కసారిగా మా పెరళ్ళలోకి తిరిగొస్తాయి. సముద్రం వీధి తలుపు కొట్టి వచ్చే మనిషి, కయ్య దొడ్డితోవన వచ్చే మనిషి. వీధి తలుపుకి గడియ పెట్టుకోవచ్చు.

అందుకే మా పాత ఇళ్ళలో ముందుగది నేలకి ఒక కన్నం, దానికో చెక్క బిరడా ఉంటాయి. పైన చాప పరుస్తారు. నీళ్ళొస్తున్నాయంటే చాప ఎత్తి బిరడా లాగేస్తారు. చెక్క ఇల్లు గదా, నీళ్ళు లోపలికి రానివ్వకపోతే పడవలా లేచి, కిందున్న దిమ్మెల మీంచి జారిపోతుంది. రానిస్తే బురద కడుక్కుంటే సరిపోతుంది. మా తాత చిన్నాన్న ఒకాయన సమయానికి బిరడా తియ్యలేదు. ఇల్లు తేలుతూ వెళ్ళి, ఆయన ఎవరి మీద కోర్టులో దావా వేశాడో ఆ తమ్ముడి స్థలంలోనే దిగింది. రెండు చలికాలాలు అక్కడే కాపురం చేశాడు, తమ్ముడితో మాట్లాడకుండా.

ఎల్వా అత్త ఇంటికి ఇప్పుడు ఆ బిరడా లేదు. వసంతంలో హార్లన్ మామ పుచ్చిపోయిన పాత నేలంతా పీకేసి, కొత్త పైన్ పలకలు వేశాడు. అప్పటికే జబ్బు మనిషి. నాలుగు మేకులు కొట్టి కాసేపు పడుకునేవాడు. చీమ దూరనంత బిగువుగా వేశాడు. బిరడా ఎప్పుడు కోస్తావు మామా అంటే, "ముందు తుపానుకి పేరు పెట్టనీవే. ఊరూ పేరూ లేనిదాని కోసం నా నేల కోసుకోనా?" అన్నాడు. చేతులారా వేసినదానికి రంపం పెట్టడానికి ఆయనకి చేతులు రాలేదు, అంతే. ఈ తుపానుకి పేరు పెట్టేసరికి ఆయన లేడు.

మధ్యాహ్నం కర్టిస్ వచ్చాడు. పీతలు పట్టేవాడు, అన్నకన్నా మనిషి పెద్ద, గొంతు ఇంకా పెద్ద. కరెంటు పోతుందని తెలిసి, కన్నాలు పొడిచే చేతి బరమా, రంపం తెచ్చుకున్నాడు.

"వదినా, బిరడా కొయ్యాలి" అన్నాడు.

"నీ ఇష్టం."

"నా ఇష్టం కాదిది. నేల మా అన్నది, ఇల్లు నీది. కొయ్యమను, కోస్తాను. వద్దను, పోతాను."

"నీ ఇష్టం, కర్టిస్."

కర్టిస్ అరుగు మీదకొచ్చి నా పక్కన కూలబడ్డాడు. "పెట్టె నా ఇష్టం, పాట నా ఇష్టం, గొయ్యి నా ఇష్టం. ఇంతకాలం మా ఆవిడ నాకు ఒక్క ఇష్టం ఇవ్వలేదు. ఇప్పుడు చూడు, బండెడు" అన్నాడు. నవ్వాను. అతను నవ్వలేదు. అన్న కొట్టిన ఆఖరి మేకులవి, వదిన నోటితో చెప్పకుండా వాటి మీద రంపం పెట్టలేనన్నాడు. పెట్టకపోతే ఇల్లు లేస్తుంది. ఇల్లు లేస్తే, నార్ఫోక్ పట్నంలో తన చెల్లెలి ఇంట్లో కుట్టుమిషను పెట్టుకునే గదిలో ఎల్వా అత్తకి ఓ మంచం వేస్తారు. ఆ చెల్లెలు అప్పుడే ఫోన్ చేసి గది ఖాళీ చేస్తున్నానని చెప్పింది కూడా. దానికీ ఈవిడ ఇచ్చిన జవాబు మీకు తెలిసిందే.

నేను లోపలికెళ్ళి, మా ఇల్లు ఎత్తు స్తంభాల మీద ఉంది గదా, రాత్రికి వచ్చెయ్యమన్నాను. సరే నీ ఇష్టమే అంది. అంది గానీ వంటింటి కుర్చీలోంచి లేవలేదు. ఇక నేనే నా దుప్పటి తెచ్చుకుని వాళ్ళ మేడమీద గదిలో పడుకున్నాను.

తెల్లారేసరికి తుపాను మాకు తూర్పున ఎక్కడో పోతోంది. వాన ఏటవాలుగా కొట్టింది, పైకప్పు పెంకులు కొన్ని లేచిపోయాయి, కరెంటు పోయింది. ఇంతకుమించి ఏమీ లేదు. పొద్దెక్కాక ఎండ కూడా వచ్చింది. పెరట్లోకెళ్ళి చూస్తే కయ్యలో నీళ్ళు లేవు. కనుచూపు మేర నల్లటి బురద, దాని మీద నీటిపిట్టలు నడుస్తున్నాయి. కర్టిస్ పడవ ఒక పక్కకి ఒరిగి పడుకుంది. ఎప్పుడూ చూడని సీసాలూ పాత టైర్లూ బయటపడ్డాయి. ఇంత నీరు వెళ్ళిందంటే అంతా తిరిగి రావాలి.

కాసేపటికి వీపుకి కొడుతున్న గాలి మొహానికి మారింది. మా ఊళ్ళో దాని అర్థం ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. వీధి చివర ఎవరో కార్ల హారన్లు కొట్టుకుంటూ ఎత్తు రోడ్డు మీదికి పోతున్నారు.

కర్టిస్ ఈసారి అడగలేదు. బూట్లతోనే లోపలికొచ్చి, చాప కాలితో తన్ని, గది నడిమధ్యన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎవరినీ చూడకుండా, "ఏమీ అనుకోకు అన్నా" అని గొణిగి, బరమా మొన పలకకి ఆనించాడు. పిడి ఒక చుట్టు తిప్పాడు. లేత పసుప్పచ్చ పొట్టు ఉంగరంలా చుట్టుకుని లేచింది.

"అక్కడ కాదు."

ఎల్వా అత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కర్టిస్ చెయ్యి ఆగిపోయింది. నెల రోజుల్లో ఆవిడ నోట 'కాదు' అనే మాట రావడం అదే మొదలు.

"అక్కడ కింద దూలం ఉంది. బరమా విరుగుతుంది" అంది. గొంతులో ఏమీ లేదు. పెద్దమనిషి గాలి వేగం చదివినట్టే ఉంది.

"నీకెలా తెలుసు వదినా?"

"మేకులు అందించింది ఎవరనుకున్నావు?"

కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడ హార్లన్ మామ కుర్చీ ఉంది. ఆయన పోయినప్పట్నుంచి ఊడ్చేవాళ్ళం కూడా దాని చుట్టూ ఊడ్చాం గానీ ఎవరం జరపలేదు. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని పక్కకి లాగి, చెప్పు కొసతో నేల మీద కొట్టి చూపించింది.

"ఇక్కడ. ఇక్కడ కింద ఖాళీ."

కర్టిస్ నాలుగు మూలలా కన్నాలు పొడిచి రంపం దూర్చాడు. గదంతా కొత్త చెక్క వాసన. వసంతంలో ఈ ఇంటి ముందు నుంచి పోతుంటే ఇదే వాసన వచ్చేది. అత్త పక్కనే నిలబడి, ముక్క విరిగి పడకుండా వేళ్ళతో అంచు పట్టుకుంది. భోజనం పళ్ళేనికి కాస్త పెద్దగా చదరపు ముక్క ఊడి వచ్చింది. కింద చీకటి, తడి ఇసుక. ఆ ఇసుక మీద అప్పటికే నీళ్ళు మెరుస్తున్నాయి. చిన్న పీత ఒకటి మమ్మల్ని చూసి పక్కకి పాకింది.

అందినవన్నీ మేడమీదికి చేరవేశాం. పిండి డబ్బాలు, ఫొటోలు, రేడియో, నేను తెచ్చిన పులుసు. కర్టిస్ కుర్చీ ఎత్తబోయి, మెట్ల మలుపులో పట్టదని వదిలేశాడు. ముగ్గురం మెట్ల పైభాగాన కూర్చున్నాం. అత్త ఒళ్ళో ఆ చెక్క ముక్క.

నీళ్ళు ముందు గుమ్మం కిందినుంచి రాలేదు. ఆ కన్నంలోంచే వచ్చాయి. చప్పుడేమీ లేదు. అంచు దాటి, పలకల వెంబడి పారి, గోడ దగ్గర ఆగి, మళ్ళీ గది మధ్యకి వచ్చాయి. కుర్చీ కాళ్ళు మునిగాయి. ఇల్లు ఒక్కసారి మూలిగింది. నా కింద మెట్టు కొంచెం పైకి లేచినట్టనిపించింది. కర్టిస్ మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. అంతలో ఏదో మనసు మార్చుకున్నట్టు ఇల్లు మళ్ళీ కిందికి దిగి కూర్చుంది. ఇక కదల్లేదు.

కుర్చీ తేలింది. నెమ్మదిగా తిరిగి తిరిగి మా వైపు మొహం పెట్టి నిలిచింది.

"మలుపులో పడుతుంది. అడ్డంగా తిప్పాలి" అంది అత్త.

"ముందు చెప్పొచ్చుగా" అన్నాడు కర్టిస్.

మేడమీద రేడియోలో పెద్దమనిషి తుపాను ఈశాన్యంగా తరలిపోయిందనీ, తీరప్రాంతంలో రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుందనీ చదివాడు. కర్టిస్ అన్నలాగా ఏదో అనబోయి నోరు తెరిచి, మూసేశాడు. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. సమాధుల చుట్టూ ఉన్న కంచె మొనలు మాత్రం నీళ్ళ పైన ఉన్నాయి. అత్త అటు చూసింది, ఇటు నేల వైపు చూసింది. రెండు చూపులకీ తేడా నాకు కనబడలేదు. పులుసు పోసి ఇస్తే తాగింది.

సాయంత్రానికి వచ్చిన దోవనే నీళ్ళు దిగిపోయాయి. మా వీధిలో ఒక షెడ్డు పక్కవాళ్ళ గుమ్మంలో నిలబడింది. అత్త ఇల్లు దాని దిమ్మెల మీద అది ఉంది. పెరట్లో కంచె ఎక్కడిదక్కడే ఉంది, దాని మీద గడ్డి తోరణాలు వేలాడుతున్నాయి. లోపల మడమ లోతు బురద. ముందు చీపుళ్ళతో ఊడ్చి, తర్వాత బకెట్లతో నీళ్ళు కొట్టి, బురదంతా ఆ కన్నంలోకే తోశాం. హార్లన్ మామ వేసిన పలకలు నీళ్ళు తాగి అంచులు లేచి, గదంతా చిన్న చిన్న అలల్లా తయారైంది.

అంతా అయ్యాక కర్టిస్ చెక్క ముక్క అడిగి తీసుకుని కన్నంలో పెట్టాడు. పట్టలేదు. నేల ఉబ్బిపోయింది, ముక్క పొడిగా ఉంది. మడమతో తొక్కాడు. అయినా దిగలేదు.

"చిత్రిక పట్టాలి. ఎంత తియ్యమంటావు వదినా? బిగువుగా ఉంచి మేకులు కొట్టెయ్యనా?" అన్నాడు. అడిగాక తనే తల దించుకుని ఆ జవాబు కోసం కాచుక్కూర్చున్నాడు.

అత్త ముక్కని తీసుకుని అంచు మీద బొటనవేలు నడిపింది. కిటికీ వెలుతురుకి పట్టి చూసింది.

"మేకులొద్దు. వదులుగా చెయ్యి, నా ఒక్కదాని చేత్తో ఊడి వచ్చేట్టు" అంది. "మళ్ళీ తియ్యాలిగా."

కర్టిస్ చిత్రిక కోసం బండి దగ్గరికి వెళ్ళాడు. అత్త తడి కుర్చీని లాగి, కన్నానికి జానెడు ఇవతల పెట్టి, దాన్ని తుడవడానికి గుడ్డ వెతుక్కుంటూ వంటింట్లోకి నడిచింది.