పీచ్ చెట్ల కింద దిబ్బ

పొగాకు నేలను పీల్చి పిప్పి చేసే పంట. వర్జీనియాలో మంచి నేలంతా పెద్దన్న పాలై, అబ్సలమ్ ప్రూయిట్‌కి దక్కింది అలా చచ్చిన చెక్కే. తర్వాత కౌలుకు పట్టిన పొలమూ అంతే అయింది. కొండలు దాటి పడమటికి, ఇండియన్ తెగల నేలల్లోకి, పోవద్దని ఇంగ్లండు రాజుగారు చాటింపు వేయించారు గానీ, కడుపు కాలేవాడికి చాటింపులు వినపడతాయా!

వదిలిన ప్రతి పొలంలోనూ అబ్సలమ్ భార్య కెటూరా ఒక బిడ్డను పూడ్చిపెట్టి వచ్చింది. అందుకే కొండ ఎక్కేముందు, ఇదే ఆఖరని అతని చేత ఒట్టు వేయించుకుంది.

మొనాంగహీలా నది ఒడ్డున, నట్టడవిలో, అడవి చెట్లు లేని నల్లనేల దొరికింది. అబ్సలమ్ చిటికెడు మట్టి నోట్లో వేసుకుని, దేవుడు మన కోసమే అట్టిపెట్టాడన్నాడు. కెటూరాకి మాత్రం పాత మొక్కజొన్న మళ్లు, ఎవరో నాటిన పీచ్ చెట్లు కనిపించాయి. వాటి కింద చిన్న మట్టిదిబ్బ ఉంది.

ఏప్రిల్‌లో డెలావేర్ అనే ఇండియన్ తెగ ముసలామె ఒకతె వచ్చి, ఆ దిబ్బ మీద రొట్టె ముక్క పెట్టి, అరచేత్తో నిమిరి వెళ్లింది. దిబ్బ మూరెడు పొడవుంటే ఎక్కువ. లోపల ఎవరున్నారో కెటూరాకి ఒకరు చెప్పాలా? భర్తకు చెబితే ఇది పరాయి నేలని తేలుతుంది, మళ్లీ మూటాముల్లే సర్దాలి. ఏనాడూ నోరు మూసుకోని మనిషి ఆ ఒక్కసారికి మూసుకుంది. మే నెలలో అబ్సలమ్ పీచ్ చెట్లు పెకలించి, దిబ్బతో సహా దున్నేసి పొగాకు నాటాడు.

చలికాలంలో వేటగాళ్లెవరో చెప్పిన కబురు మోసుకొచ్చాడు.

"ఒహాయో నది అవతల నేల ఇంతకన్నా నలుపంట. ఇది ఉడిగేలోపు ఓ చెక్క పట్టుకుంటే మంచిది."

"ఒట్టేశావు కదయ్యా."

"ఒట్టు తిని బతుకుతామా?"

కెటూరా పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. ఏ నేల కోసం తాను నోరు కట్టేసుకుందో, ఆ నేల కూడా తనది కాకుండా పోతోంది.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది, ముసలామె కూడా వచ్చింది. చాళ్ల మధ్య మూడుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి గుమ్మం ముందుకొచ్చి వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

"నా పిల్లది. ఎక్కడమ్మా?"

కెటూరాకి నిజంగానే తెలియదు. నాగలి ఆనవాలు మిగల్చలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాక, వేలు చాపి ఏదో ఒక చాలు చూపించింది. ముసలామె తలూపి, వెళ్లి అక్కడే కూర్చుని, రొట్టె పెట్టి, మట్టిని నెమ్మదిగా నిమరసాగింది.