బజారు దాటాక చర్చి

వాకర్ కాళ్లకున్న రబ్బరు తొడుగులు ఒకసారి నొక్కి చూసి, విజయరాణి దాన్ని మంచం దగ్గరకు జరిపింది. ఉదయం పదిన్నరయింది. పోర్ట్‌లీష్ ఊరి చివరి ఆ వృద్ధాశ్రమంలో ఈ వేళకు అందరూ టీ తాగుతుంటారు. పద్నాలుగో గదిలో మాత్రం ప్రయాణం మొదలవుతుంది.

"దూరమా, దగ్గరా?" అని అడిగింది.

బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడగకూడదు. ఏలూరులో పుట్టి ఇక్కడ ఆయాగా పనిచేస్తున్న విజయరాణి ఆ పట్టింపును ఐర్లండ్ దాకా మోసుకొచ్చింది. ఎనభై నాలుగేళ్ల బ్రీడకు అది భలే నచ్చింది.

"దూరమే. ఇవాళ మా తమ్ముడి చర్చి దాకా," అంది బ్రీడ, చెప్పుల్లోకి పాదాలు దూర్చుకుంటూ.

విజయరాణి చూపు తిప్పుకుని దుప్పటి మడిచింది.

తుంటి ఎముక విరిగి వచ్చిన కొత్తలో బ్రీడ మంచం దిగనని మొండికేసింది. ఎవరు బతిమాలినా రెండడుగులు వేసి కూర్చునేది. ఒకరోజు విజయరాణి బట్టలు సర్దుతుంటే ప్రెస్‌లో, అంటే అల్మరాలో, ఒక పాత పుస్తకం దొరికింది. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో ఏమేం చూడాలో, ఏమేం చేయాలో చెప్పే పుస్తకం. తమ్ముడు ఫాదర్ మైకేల్ పంపింది. ఆయన ముప్ఫై ఏళ్లు ఆ ఊళ్లోనే ఉండి అక్కడే మట్టిలో కలిశాడు. తల్లిని చూసుకుంటూ పోస్టాఫీసు కిటికీ వెనకే బతుకంతా గడిపిన అక్క ఒక్కసారీ వెళ్లలేకపోయింది.

"నేనా ఊళ్లో నాలుగేళ్లున్నానమ్మా," అంది విజయరాణి.

అబద్ధం కాదు. భర్త నరసింహ పోయాక, కూతురు ఆమనిని అమ్మ దగ్గర వదిలి అక్కడి బట్టల మిల్లులో కుట్టుపనికి వెళ్లింది. ఆ మిషను మీద వంగి వంగి కుడి భుజం ఇప్పటికీ కాస్త కిందికే ఉంటుంది. ఆదివారాలు మాత్రం ఊరంతా తనదే.

ఆ రోజు నుంచి వరండాయే పోర్ట్ లూయీ అయింది. దుప్పట్ల బండి కొండమీది కోట. నర్సుల బల్ల గుర్రప్పందేల మైదానం. సోఫా బజారు. చివరి కిటికీ చర్చి.

అయితే మొదటివారంలోనే, ముసలామె సంతోషపడుతుందని నోరు జారింది. మీ తమ్ముడి చర్చిలో కొవ్వొత్తి వెలిగించానని చెప్పేసింది. నిజానికి ఆ చర్చి ఎటువైపుందో కూడా ఆమెకు తెలియదు. నాలుగు నెలలుగా ఆ ఒక్క మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. చెబితే ఈ ముసలామె తనను మళ్లీ నమ్ముతుందా?

కోట దాటారు. మైదానం దాటారు. బజారులో బ్రీడ ఊపిరి తీసుకోవడానికి కూర్చుంది.

"ఇవాళ ఏం తింటాం?"

"ధోల్ పూరీ. చూడ్డానికి మా బొబ్బట్టే, తీపి ఉండదంతే. మీద చట్నీ కారుతుంటుంది. పైన సబ్జా గింజలేసిన చల్లటి పాలు."

"నీకు తిండి గోల తప్ప ఇంకోటి లేదు," అని నవ్వి బ్రీడ లేచింది. ఇంకో పదకొండడుగులు. ఎక్కడా ఆగలేదు. కిటికీ గట్టు పట్టుకుని నిలబడింది.

విజయరాణి తల వంచుకుంది. "అమ్మా, నేను ఆ చర్చికి వెళ్లలేదు. కొవ్వొత్తీ వెలిగించలేదు."

"తెలుసు."

"ఎలా?"

"బజారు గురించి చెప్పేటప్పుడు నీకు నోరూరుతుంది. చర్చి గురించి మాత్రం నా పుస్తకంలో ఉన్నదే నాకు అప్పజెప్పావు." వాకర్‌కు తగిలించిన గుడ్డసంచిలోంచి ఒక తెల్లటి కొవ్వొత్తి తీసింది. "ఇక్కడ వెలిగించనివ్వరు. నువ్వెళ్లినప్పుడు వెలిగించు."

"నేనెక్కడ వెళ్తానమ్మా, పనీ పాటా వదిలి?"

"పనికోసం రెండు సముద్రాలు దాటావు రాణీ. ఒక్కసారి ఊరికే వెళ్లు."

విజయరాణికి కళ్లు నిండాయి. ఆ మాట తనతో ఎవరూ అనలేదు. కానీ ఇక్కడున్నవాళ్ల దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు, మేనేజరుకు చెప్పాలి. "రేపు అడిగి తీసుకుంటాను," అని కొవ్వొత్తిని మళ్లీ సంచిలో పెట్టింది.

మధ్యాహ్నం బ్రీడ సూపు తాగి, బాగుందన్నట్టు "గ్రాండ్," అని పడుకుంది. నాలుగింటికి టీ తెచ్చిన విజయరాణి కప్పు బల్లమీద పెట్టి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. నర్సు వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది. అత్లోన్ ఊరి కాలేజీలో చదువుకుంటూ ఇక్కడ పార్ట్‌టైం చేసే నిఖిల, ఈ దేశపు ఆచారం ప్రకారం ప్రాణం బయటికి పోవడానికి కిటికీ తెరిచింది. విజయరాణి దుప్పటి సర్ది, ఆ తెల్లజుట్టు దువ్వి, కుళాయి దగ్గర నిలబడి ఏడ్చింది.

డ్యూటీ దిగేముందు మేనేజరు గదికి వెళ్లి రెండు సంగతులు అడిగింది. ఆమె రెంటికీ సరేనంది.

ఇంటికెళ్లే కారులో నిఖిల గొంతు తగ్గించింది. "మార్చిల రెండు వారాలు లీవ్ అడిగినవంట గద ఆంటీ. ఎక్కడి..." అని నాలుక కరుచుకుంది. "దూరమా?"

"దూరమే," అంది విజయరాణి.

ఆమె ఒళ్లో, గుడ్డసంచిలోంచి కొవ్వొత్తి కొస బయటికి కనిపిస్తోంది, ఒత్తి ఇంకా తెల్లగానే ఉంది.