స్విచ్చికి కట్టిన తీగ

మంగంపేట దగ్గర ముగ్గురాయి పొడిచేసే ఒక మిల్లులో ఓబులేష్ బెల్టు ఫిట్టరు. రాయిని పైకి మోసే రబ్బరు బెల్టు ఒక పక్కకు జరిగితే, దాన్ని తిరిగి మధ్యకు తేవాలి. అది బెల్టు ఆపి చేసే పని కాదు. తిరుగుతుండగానే వెనక డ్రమ్ము దగ్గర కూర్చుని, జరిగిన పక్క బోల్టును పావు చుట్టు బిగించి, రెండు మూడు చుట్లు తిరిగేదాకా చూడాలి. ఆ తర్వాత మళ్లీ పావు చుట్టు. తొందరపడేవాడి మాట బెల్టు వినదు.

అందుకే పక్కన ఒక తాడు ఉంటుంది. లాగితే స్విచ్చి పడి బెల్టు నిలిచిపోతుంది. కానీ ఆ మాయదారి తాడు గాలికి ఊగినా స్విచ్చి పడేది. పడినప్పుడల్లా స్విచ్చి దాకా అంత దూరం నడిచి ఎత్తాలి, పైవాళ్లతో తిట్లు తినాలి. ఆషాఢం గాలి మొదలయ్యాక ఓబులేష్ విసిగిపోయి స్విచ్చి పడకుండా ఇనుప తీగతో కట్టేశాడు. జతగాడు ఏసుకుమార్ ఆ రోజు సెలవు. వచ్చాక చెబుదామనుకున్నాడు, మరిచిపోయాడు.

సోమవారం ఏసుకుమార్ చొక్కా చేతిని డ్రమ్ము పట్టుకుంది. అతను ఎడమ చేత్తో తాడు లాగాడు. బెల్టు ఆగలేదు. ఓబులేష్ పరుగెత్తి మెయిన్ ఆపేసరికి కుడిచెయ్యి మోచేతిదాకా పోయింది. జనం పోగవకముందే ఓబులేష్ తీగ విప్పేశాడు. ఎందుకు విప్పాడో అతనికే తెలియదు.

అప్పటినుంచి అతనికి ఏమీ అనిపించడం లేదు. తింటున్నాడు, నిద్రపోతున్నాడు. పెళ్లాం గురమ్మ టీపొడి తెమ్మంటే ఒకే పొద్దున మూడుసార్లు వెళ్లి మూడు పొట్లాలు తెచ్చాడు.

తొమ్మిదోనాడు విచారణకు ఆఫీసరు శివజ్యోతి వచ్చింది. అప్పటికి తాడు కొత్తది, డ్రమ్ముకు జాలీ, గోడకు జాగ్రత్తల బోర్డు. దొంగలు పడ్డ ఆరునెల్లకు కుక్కలు మొరిగినట్టు! మేనేజరు శివశంకర్ ముందే ఓబులేష్ చెవిలో వేశాడు.

“వాడు తాడు లాగలేదని చెప్పు. నీ పని నీకుండల్లనా, వద్దా?”

ఓబులేష్ తల ఊపాడు.

“బెల్టు ఎందుకు ఆగలేదు?” అని ఆమె అడిగింది.

“వాడు తాడు లాగల్యా మేడమ్.” ఆ గొంతు తనది కాదు, వేరే ఎవరిదో అనిపించింది.

“ఏసుకుమార్ కూడా ఆసుపత్రిలో అదే చెప్పాడు. భయంలో తాడు సంగతి గుర్తురాలేదట.” ఆమె అతని వాంగ్మూలం రాసిన కాగితం ముందుకు జరిపింది.

లాగిన తాడు ఎందుకు పనిచేయలేదో, స్విచ్చిని ఎవరు కట్టి ఉంటారో ఏసుకుమార్‌కు తెలియకపోదు. తెలిసే అలా చెప్పాడు. ఓబులేష్ కాగితం అడుగున చూశాడు. ఏసుకుమార్ ఇంటరు చదివినవాడు. హాజరు పుస్తకంలో అతని సంతకాన్ని అందరూ మెచ్చుకునేవారు. ఇక్కడ సంతకం లేదు. ఎడమ బొటనవేలి ముద్ర ఉంది, కొంచెం అలుక్కుపోయి.

తొమ్మిది రోజుల్లో మొదటిసారి ఓబులేష్‌కు గుండెలో నొప్పి తెలిసింది.

“అబద్ధం మేడమ్. స్విచ్చిని తీగతో కట్టింది నేనే. వానికి చెప్పడం మర్చిపోయినా.”

“ఓబులేషూ!” అంటూ శివశంకర్ లేచాడు. ఆమె అతన్ని కూర్చోమని చెయ్యి చూపించి, కొత్త కాగితం తీసుకుంది.

“అయితే అతను తాడు లాగాడా?”

“లాగినాడు మేడమ్,” అన్నాడు ఓబులేష్. “శానా సేపు లాగినాడు.”