ముప్పై ఎనిమిది సీసాలు

లూర్దమ్మది పాలపొంగు కోపం కాదు. బుస్సున పొంగి, పొయ్యి ఆర్పి, గట్టు మీద మరక మిగిల్చి పోయే రకం కానే కాదు. ఆవిడది ఆవకాయ కోపం. జాడీలో పెట్టి వాసెన కట్టిందంటే, ఊరేదాకా మూత తీయదు. దోహాలో సుభాషిణి ఇంట్లో ఆరేళ్ళుగా వంటా ఇంటిపనీ చేస్తోంది. అయినా ఈ సంగతి సుభాషిణికి తెలియదు. తెలియాలంటే ఆరేళ్ళలో ఒక్కసారైనా పనిమనిషి మొహం చూసి మాట్లాడి ఉండాలి కదా.

అసలు కథ ఫిబ్రవరిలో మొదలైంది. ఎండాకాలం సెలవులకి ఫ్రాన్స్ వెళ్ళాలి, చేతి చమురు మాత్రం వదలకూడదు. ఇదీ సుభాషిణి పట్టుదల. పారిస్ వెళ్ళేవాళ్ళు వెర్రివాళ్ళని తేల్చేసింది. కొండల దాపున ఒక పల్లెటూళ్ళో రాతి ఇల్లు చూసింది. శనివారం నుంచి శనివారం లెక్కన రెండు వారాలకి అద్దె. ఇస్తాంబుల్ దగ్గర విమానం మారితే టికెట్లు చౌక. తొమ్మిది సీట్ల వ్యాను ఒక్కటే చాలు. తమ నలుగురూ, భర్త పై ఆఫీసరు ఇంట్లోని నలుగురూ. ఆ ఆఫీసరు భార్య లిస్సీ కేరళ క్రైస్తవురాలు. అక్కడ సెలవు రోజని శుక్రవారం శుక్రవారం లూర్దమ్మ వెళ్ళే చర్చిలోనే ముందు వరసలో కూర్చుంటుంది. అద్దె చెరిసగం, భోజనాల పూచీ తనదని సుభాషిణి ఆవిడకి మాటిచ్చేసింది.

"తొమ్మిదో సీటు నీది, లూర్దమ్మా" అంది ఒకరోజు కాఫీ తాగుతూ. "అక్కడ హోటల్లో తింటే మన చౌక ప్రయాణం గంగలో కలిసినట్టే. నువ్వొచ్చి వండిపెట్టు. ఆ ఇంటికి గంటన్నర దూరంలోనే మీ లూర్దు మాత క్షేత్రం ఉందట. నిన్ను తీసుకెళ్ళే బాధ్యత నాది."

లూర్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ తల్లి పేరే ఈవిడకి పెట్టారు. కూతురు అనితకి ఆరేళ్ళప్పుడు జ్వరం తగిలి కాళ్ళు పడిపోయాయి. అప్పుడు లూర్దమ్మ నరసరావుపేట ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మీద కూలబడి మొక్కుకుంది. "నీ పేరు పెట్టుకున్నదాన్ని తల్లీ. నా బిడ్డని నడిపించు. నీ గుమ్మం తొక్కుతా." మూడు నెలలకి అనిత నడిచింది. ఇరవయ్యేళ్ళు గడిచినా మొక్కు అలాగే ఉండిపోయింది. పల్నాడు నుంచి ఆ గుమ్మం దాకా నడిచిపోయే దారి లేదు మరి.

జులైలో అనితకి తొలికాన్పు. ఆ నెల సెలవు పెట్టి ఇంటికి వెళ్ళాలని లూర్దమ్మ రెండేళ్ళుగా కాచుకుని ఉంది. ఫ్రాన్స్ కోసం ఆ సెలవు వదులుకుంది. అనితే సర్దిచెప్పింది. "నువ్వెళ్ళమ్మా. పక్కన మా అత్త ఉంటది. అక్కడి ఊటనీళ్ళతో రోగాలు పోతాయంట, అవి తెస్తే చాలు, పుట్టినదాని నుదుటికి రాస్తా."

మాట ఊళ్ళో వాళ్ళ పేటంతా పాకింది. మోకాళ్ళ నొప్పులకొకరు, శుక్లాలకొకరు, కోర్టులో తెగని గట్టు తగాదాకొకరు, నాకూ ఒక సీసా నీళ్ళంటే నాకూ అని పేర్లు పంపారు. అన్నీ కలిపి ముప్పై ఏడు. లూర్దమ్మ అరలీటరు నీళ్ళ సీసాలు పోగుచేసింది. దోహాలోనే నజ్మా బస్తీలో ఒక కొట్టుకి వెళ్ళి మాత బొమ్మతో చీటీలు అచ్చు వేయించి అంటించింది. ప్రతి చీటీ మీదా తన చేత్తో పేరు రాసింది. ముప్పై ఎనిమిదో సీసా మీద ఎవరూ అడక్కుండానే ఇంకో పేరు రాసింది. సుభాషిణి మేడమ్. నెలకి మూడుసార్లు ఒంటితలనొప్పితో మంచమెక్కుతుంది కదా, పాపం అనుకుంది.

మే నెలలో సుభాషిణి పాస్‌పోర్టు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. "నీ వీసా రిజెక్ట్ చేశారు లూర్దమ్మా. నీ రాత అంతే, ఏం చేస్తాం. అన్నట్టు, పద్నాలుగు రోజులకి సరిపడా పొడులూ పచ్చళ్ళూ ముందే చేసేయి. పెట్టెలో పట్టుకెళ్తాం."

లూర్దమ్మ ఆ రోజు మాతతో తగువు పెట్టుకుంది. గదిలోని పటాన్ని గోడవైపు తిప్పేసింది. "నన్ను రావద్దన్నది ఎంబసీవాళ్ళు కాదు, నువ్వే" అని అనరాని మాటలంది. పేటలో ఎవరో "ఏం పాపం చేసిందో, ఆ తల్లే రానీలా" అన్నారట. ఆ మాట అనిత చెవిన పడి, అనిత ఏడుపు ఈవిడ చెవిన పడింది. అటు కాన్పు సెలవూ పోయింది, ఇటు మొక్కూ పోయింది. రెంటికీ చెడ్డ రేవడి అయింది లూర్దమ్మ బతుకు.

జూన్ చివర్లో కూరగాయలకని కారెక్కింది. ఇంటి డ్రైవరు గిరిది కడప వైపు. ఏదో మాటల్లో వీసా సంగతి వచ్చింది.

"నీ వీసా ఎట్లా కొట్టేస్తారక్కా?" అన్నాడు గిరి. "యాలిముద్రలు ఎయ్యందే వాళ్ళు కాయితమే తీసుకోరు. మేడమ్‌ను, సార్‌ను, పిల్లోల్లను నేనే గదా వీసా ఆఫీసుకు తీసకపోయింది. ఆ పొద్దు నువ్వు కార్లో ల్యా."

లూర్దమ్మ తన పది వేళ్ళ వంకా చూసుకుంది. నిజమే. ఆ వేళ్ళని ఎవరూ ఎక్కడా ఆనించమనలేదు.

"చెప్తే బాధపడతావని చెప్పలా" అన్నాడతను అద్దంలోంచి చూస్తూ. "తొమ్మిదో సీటు మేడమ్ వాళ్ళ చెల్లెలు కృష్ణకుమారమ్మకంట. కార్లో కూచోని ఫోన్లో చెప్తా ఉన్న్యాది. లూర్దమ్మకి టికెట్టు, ఇన్సూరెన్సు దండగ, దాని వంట పెట్టెలో వస్తుంది, అది చాలు అని."

 లూర్దమ్మ ఇంటికొచ్చి పటాన్ని ఇటు తిప్పింది. "తప్పయిపోయింది తల్లీ. నిన్నన్న మాటలన్నీ వాపసు తీసుకుంటున్నా. అవి ఎవరికి చేరాలో వాళ్ళకి చేరుస్తా" అంది.

మర్నాటి నుంచి ఆవిడ మొహాన నవ్వు చెదిరితే ఒట్టు. కందిపొడి, కరివేపాకు కారం, గోంగూర, చింతకాయ, ఉప్మా రవ్వ వేయింపు, పులిహోర పులుసు, అటుకుల మిక్చరు. అక్కడికి నెయ్యి పట్టుకెళ్ళకూడదట, అంచేత సీసాడు నువ్వులనూనె. ఏ ఒక్కదాంట్లోనూ ఉప్పు తగ్గించలేదు, కారం పెంచలేదు. పగ మనిషితో గాని పప్పుతో కాదు. శుక్రవారం సాయంత్రం సుభాషిణి దగ్గరుండి ఒక్కొక్కటే చూసి, పెట్టె తూచింది. సరిగ్గా ఇరవై మూడు కిలోలు. "నువ్వు లేకపోయినా నీ చేతి వంట ఉంటుందిలే" అంది ముచ్చటగా. ఆ మాట కూడా లూర్దమ్మ జాడీలోనే వేసుకుంది.

శనివారం పొద్దున అందరూ ముస్తాబుల్లో ఉండగా వంటింటి తలుపు వేసుకుని పెట్టె తెరిచింది. ఉన్నదంతా తీసి కూరగాయల సంచుల్లోకి మార్చింది. ముప్పై ఎనిమిది సీసాలూ కుళాయి కింద పెట్టి, గలగల వినపడకుండా గొంతుల దాకా నింపింది. ముప్పై ఎనిమిది అరలీటర్లంటే పంతొమ్మిది కిలోలు. ఖాళీ పెట్టె, పాత తువ్వాళ్ళు కలిపి నాలుగు. లూర్దమ్మ చదివింది ఐదే గాని, లెక్కల్లో ఎప్పుడూ తప్పలేదు. సందుల్లో ఆ తువ్వాళ్ళు కుక్కింది. మేడమ్ పేరున్న సీసాని అన్నిటికన్నా పైన, పేరు కనబడేలా పడుకోబెట్టి తాళం వేసింది.

సుభాషిణి చిన్నకూతురి బడిసంచిలో మాత్రం డబ్బాడు జంతికలు పెట్టింది. పసిదానితో తనకేం పగ.

వాళ్ళు వెళ్ళిన గంటకి గిరి కారులో సంచులేసుకుని ఊరి బయటి బిర్కత్ అల్ అవామిర్ బయల్దేరింది. అక్కడి కూలీల క్యాంపులో గిరికి తెలిసిన జలంధర్ ఉంటాడు. నిజామాబాద్ వైపు మనిషి, సైటులో పని. గేటు బయటికి వచ్చి సంచులు చూసి బిత్తరపోయాడు.

"ఏందక్కా గిదంతా? ఎవలిదన్న పెండ్లా?"

"పెళ్ళి కాదయ్యా, మొక్కు. గదికింత పంచిపెట్టు. గోంగూర మాత్రం ముందు తినండి" అంది లూర్దమ్మ.

రాత్రి నజ్మాలో తెలిసినవాళ్ళ గదిలో కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"లూర్దమ్మా." సుభాషిణి గొంతు పళ్ళ సందుల్లోంచి వస్తోంది. "పెట్టెలో ఇవేంటి?"

"నీళ్ళు, మేడమ్."

"ఏం నీళ్ళు?"

"మన వంటింటి కుళాయివేనండి."

"కందిపొడి ఏది? పచ్చళ్ళేవి? ఇక్కడ తొమ్మిదిమందిమి ఆకలితో ఉన్నాం. ఊళ్ళో ఉన్న ఒక్క కొట్టూ మూసేశారు. మంగళవారం దాకా తెరవరట."

"తినాల్సినవాళ్ళు తిన్నారండి. పుణ్యం మీకే."

"నీకేమైనా మతిపోయిందా?"

"వేలిముద్రలు వేయకుండానే వీసా కొట్టేశారని మీరు చెప్తే నమ్మాను చూడండి, అప్పుడు పోయింది. ఇప్పుడు తిరిగొచ్చింది."

 సుభాషిణి వెనకనించి లిస్సీ మేడమ్ గొంతు ఇంగ్లీషులో వినబడింది. ఈ సీసాలెవరివి, అన్నిటి మీదా మా మాత బొమ్మ ఉందేమిటి అని అడుగుతోంది. ఆరేళ్ళు ఆ ఇంట్లో మసిలిన మనిషికి ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది. లూర్దమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. సుభాషిణి ఇప్పుడు అబద్ధం చెప్తుంది. ఆరేళ్ళుగా ఆ అబద్ధాల పక్కన కాఫీ అందిస్తూ నిలబడిన మనిషికి తెలియదా.

చెప్పనే చెప్పింది. "మా పనావిడవండి. పాపం, తనకి వీసా రాలేదు. నీళ్ళు నింపుకొస్తానని మాటిచ్చాను. పెట్టెలు తారుమారైనట్టున్నాయి."

"ఎంత మంచి మనసండీ మీది" అంది లిస్సీ. "అయితే బుధవారమే వెళ్దాం. అన్నీ మీ చేత్తోనే నింపాలి. మాటిచ్చింది మీరు కదా."

 లూర్దమ్మకి జాడీ వాసెన విప్పినట్టయింది.

"విన్నాను మేడమ్" అంది. "ముప్పై ఎనిమిది. ఒక్కటి తగ్గినా లిస్సీ మేడమ్‌కి వేలిముద్రల సంగతి నేనే చెప్తా. ఆవిడ చర్చికొస్తారుగా."

"నువ్వు... ఇంటికొచ్చాక నీ సంగతి చూస్తా."

"నేనుండనండి. సోమవారం నా టికెట్టు. అనిత కాన్పు. మూడు రోజుల ముందు చెప్తే చాలట, మొన్న బుధవారమే మీకు మెసేజీ పెట్టాను. రోజూ నేను పంపే బైబిలు వాక్యం కిందే ఉంది, చూసుకోండి. మీరు తెరవరు గాని, రోజూ పంపుతానే ఉన్నా." అప్పుడు అడిగింది. "పైనున్న సీసా మీద పేరు చదివారా, మేడమ్?"

అవతల పెట్టెలోంచి సీసా తీసిన చప్పుడైంది. 

"అది ఏప్రిల్లో రాశానండి. మీ తలనొప్పి పోవాలని. అందరివీ అయినాక ఆఖర్న నింపుకోండి."

ఆరేళ్ళలో మొదటిసారి, ముందుగా ఫోను పెట్టేసింది లూర్దమ్మే.

బుధవారం నరసరావుపేటలో, బాలింత అనిత మంచం పక్కన కూర్చుని ఉండగా సుభాషిణి నుంచి ఫోటో వచ్చింది. రాతి గోడకి వరసగా ఇత్తడి కుళాయిలు. ఒక కుళాయి ముందు వంగి సుభాషిణి సీసా పట్టుకుని ఉంది. మొహం ఎండకి కందిపోయింది, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. కాళ్ళ దగ్గర తెరిచిన పెట్టె, గోడవారగా వరసపెట్టిన సీసాలు. కింద ఒక్కటే మాట. "ముప్పై ఎనిమిదీ నింపాను."

లూర్దమ్మ వేళ్ళతో ఫోటో పెద్దది చేసి సీసాల్ని ఎడమ చివర నుంచి లెక్కపెట్టింది. చేతిలో ఉన్నదాంతో ముప్పై ఎనిమిదీ సరిపోయాయి.

అనిత తొంగి చూసింది. "పాపం అమ్మా. అంత ఎండలో, ఆ లైన్లో ఎంతసేపు నిలబడిందో ఏమో."

"నేను ఇరవయ్యేళ్ళు నిలబడ్డా" అంది లూర్దమ్మ. ఫోను బోర్లించి, పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుంది.