క్లెమ్ గెలిచిన పడవ

మా హెబ్బర్లీ నుంచి సముద్రం ఎటు పోయినా డెబ్బై మైళ్ళ పైమాటే. చెరువు కూడా లేదు. బాతులు వచ్చి, చుట్టూ చూసి, నిట్టూర్చి వెళ్ళిపోతాయి. అలాంటి ఊళ్ళో క్లెమ్ హాడ్జ్‌కిస్ ఇంటిముందు ముప్ఫై ఏళ్ళుగా ఒక మోటారు పడవ ఉంది. ‘ఏడో తలుపు’ అనే టీవీ ఆటలో గెలిచానని అంటాడు. వాన పడితే కెప్టెన్ టోపీ పెట్టుకుని పబ్బుకి వస్తాడు. అంటే దాదాపు రోజూ.

అతని భార్య ఈనిడ్‌కి ఆ జాగాలో రూబార్బ్ మొక్కలు వేసుకుని, ఆ పుల్లటి కాడలు లోపల కూరి ‘పై’ అనే తీపి వంటకం చేసుకోవాలని కోరిక. పోట్లాడి అలిసిపోయి, ఇద్దరూ తగువుని గురువారం పబ్బులో జరిగే క్విజ్ మీద పెట్టారు. ఆ వారం పాత టీవీ ఆటల మీద ప్రశ్నలు. క్లెమ్ జట్టు గెలిస్తే పడవ ఉంటుంది, ఈనిడ్ జట్టు గెలిస్తే పాత ఇనుము బండెక్కుతుంది. నేను క్లెమ్ జట్టు. పెన్ను నా చేతిలో ఉంది.

పట్నం నుంచి అచ్చయి వచ్చే కార్డుల్లోంచి ప్రశ్నలు చదివేది పబ్బు యజమానురాలు నోరీన్. మా దగ్గర చదివేవాళ్ళదే చివరి మాట. చంద్రుణ్ణి జున్నుతో చేశారని ఆమె అంటే ఆ పూటకి జున్నే.

అక్షరాల ఆటలో గడియారం ఎన్ని సెకన్లు ఇస్తుందంటే రెండు జట్లూ ముప్ఫై అన్నాయి. బెల్టు మీద సామాన్లు సాగిపోయే ఆటలో తప్పకుండా వచ్చేది ఏదంటే మెత్తటి బొమ్మ అన్నాయి. చివరికి మేమూ ఈనిడ్ వాళ్ళూ సమానంగా మిగిలాం. ఇక ఒక్క ప్రశ్నతో తేలిపోవాలి.

నోరీన్ కార్డు తీసి కాసేపు దానికేసే చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది.

“‘ఏడో తలుపు’లో హెబ్బర్లీ ఆటగాడు చివరి ప్రశ్నకి తప్పు చెప్పి పడవ పోగొట్టుకున్నాడు. ఓదార్పుగా అతని చేతిలో పెట్టిందేమిటి?”

గోడమీది బోర్డుకేసి ఎవరో విసిరిన డార్టు గాల్లోనే ఆగింది, నేను కళ్ళారా చూశాను.

ఓడినవాణ్ణి నిలబెట్టి, తెర తొలగించి, గెలిస్తే ఇది నీదయ్యేదని చూపించి పంపడం ఆ ఆట పద్ధతి. క్లెమ్ చూశాడు, తట్టుకోలేకపోయాడు. మరుసటి వేసవిలో అలాంటిదే ఒక పాత పడవ కొని లాక్కొచ్చాడు. ఆటలో అతనికి దక్కింది టోస్టర్. ఆ మాట రాస్తే పడవ నిలుస్తుంది, గెలిచిన కథ మునుగుతుంది. ఈనిడ్‌కీ జవాబు తెలుసు. ఆమె రోజూ రొట్టె కాల్చేది అందులోనే.

క్లెమ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “పడవ అని రాయి” అన్నాడు నాతో మెల్లగా.

“పడవ పోతుందయ్యా.”

“పోనీవోయ్. నేను గెలిచింది పడవ.”

రాశాను. నోరీన్ మా చీటీ చూసింది, ఈనిడ్ చీటీ విప్పింది. అందులోనూ పడవే.

“ఏమ్మా, నీకూ తెలీదా?”

“తెలీకపోవడమేంటి? ఆ రోజు నేనక్కడే కూర్చున్నా. ఆయన పడవే గెలిచాడు. ఆ కార్డు అచ్చేసినవాళ్ళకి మతిలేదు.”

నోరీన్ కార్డుని ఒక బీరు గ్లాసు కింద పెట్టేసింది. “పడవే సరైన జవాబు. చివరి మాట నాది.”

రెండు జట్లూ గెలిచాయి కాబట్టి ఇద్దరి కోరికా తీరాలి. ఆదివారం క్లెమ్ పడవ నిండా మట్టి పోశాడు, ఈనిడ్ అందులో రూబార్బ్ నాటింది. ఇప్పుడు ఆకులు తెరచాపలంత అయ్యాయి. పోయిన గాలివానకి పడవ సముద్రం వైపు రెండడుగులు కదిలిందని నేనంటే ఎవరూ నమ్మరు.

మొన్న ఈనిడ్ చేసిన రూబార్బ్ ‘పై’ తింటూ క్లెమ్ నన్నడిగాడు, ఆ ఆట టీవీలో వచ్చిన రోజు మన ఊళ్ళో ఎవరైనా చూసి ఉంటారా అని.

“ఎలా చూస్తారు? ఆ రోజు పబ్బులో టీవీ పనిచెయ్యలేదుగా” అన్నాను.

క్లెమ్ తృప్తిగా తలూపి ఇంకో ముక్క పెట్టించుకున్నాడు. ఆ రోజు పబ్బు టీవీ వైరు పీకింది అతనే. మా అందరి ఇళ్ళలోనూ అప్పటికే టీవీలు ఉన్నాయన్న సంగతి మాత్రం ముప్ఫై ఏళ్ళయినా అతనికి తట్టలేదు.